ఆరో వార్డులో ఏమీ చేయకపోవడం

మొగలిపురం మునిసిపాలిటీ ఆరో వార్డు, సున్నంబట్టీ వీధిలో కాపురముంటున్న చిట్టూరి వీరవేణి, ఏప్రిల్ నాలుగో తారీఖు ఉదయం పదిన్నరకి, కమిషనరు గారి సంతకం పడీ పడగానే 'ఏమీ చేయకపోవడం'గా మారిపోయింది. నొప్పి లేదు, గిప్పి లేదు. అప్పుడామె పొయ్యి దగ్గర పప్పు ఎనుపుతోంది, ఆ ఎనపడం కూడా ఆగలేదు. నడుం దగ్గర ఏదో గుంజినట్టయి చూసుకుంటే, చీర కుచ్చిళ్ళ పక్కనుంచి ఆరు తెల్లటి దారాలు బయల్దేరి, గుమ్మం దాటి, ఊళ్ళోని ఆరు వీధుల వైపు వెళ్ళిపోతున్నాయి. ఆమె పప్పు దించి, తాలింపు పెట్టి, ఆ తర్వాతే బయటికొచ్చి చూసింది.

సంగతేమిటంటే, మొగలిపురంలో మురుగుకాలవ మీద నోళ్ళు తెరుచుకున్న గోతులు డెబ్భై రెండు. జనం వాటిలో పడుతున్నారు. పడకుండా నివారించండని పైనుంచి ఉత్తర్వొచ్చింది. నివారణంటే మాటలా? ఏ ఉపాయం ఎంతమందిని ఆపుతుందో ముందు తేల్చాలి కదా. అందుకని 'నివారణోపాయాల పోలికల విభాగం' అని ఒకటి తెరిచి, వీధికో ఉపాయం చొప్పున పంచారు. రథంవీధి గోతిలో కొబ్బరిమట్ట గుచ్చారు. సినిమాహాలు వీధిలో విజిల్ ఊదే మనిషిని పెట్టారు. పాత పోస్టాఫీసు వీధిలో మైకు కట్టారు. కూరగాయల సందులో కర్రకి ఎర్రగుడ్డ చుట్టారు. చేపల మార్కెట్టు రోడ్డులో, గోతిలో పడకుండా ఉండడమెలా అనే కరపత్రం అచ్చేయించి, పడినవాళ్ళని పైకి తీశాక చేతికిచ్చారు. టీచర్స్ కాలనీలో జనమంతా రోజూ పొద్దున్న ఏడింటికి వరసగా నిలబడి, చెయ్యి చాపి, తాము ఏ గోతిలోనూ పడబోమని ప్రతిజ్ఞ చేసేవారు.

ఇక్కడొక చిక్కొచ్చింది. కొబ్బరిమట్టనీ ప్రతిజ్ఞనీ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. అలాంటి రెంటినీ పోల్చాలంటే, రెంటితోనూ పోల్చి చూసిన మూడోది ఒకటి మధ్యలో ఉండాలి. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు తోడికోడళ్ళలో ఎవరు మంచివాళ్ళో అత్తగారి నోటి మీదుగా ఊరంతా తేల్చేస్తుంది చూడండి, అదే పద్ధతి. ఆ అత్తగారి స్థానంలో, ఏ ఉపాయమూ లేని వీధి ఒకటి కావాలి. ఆ వీధికి, ఎక్కడికీ కదిలిపోని ఒక మనిషి కావాలి. ఆ మనిషి నుంచి ఒక్కో ఉపాయానికీ ఒక్కో పోలిక దారం సాగుతుంది. నిబంధన అది.

ఆ మనిషి కోసం విభాగం గుమాస్తా సున్నంబట్టీ వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. వీరవేణి మొగుడు పళ్ళాలరావు టైలరు. అరుగు మీద మిషను తొక్కుకుంటూ జవాబులు చెప్పాడు.

"ఇంట్లో ఎవరెవరేం చేస్తుంటారండీ?"

"నేను బట్టలు కుడతానండి. అమ్మాయి లోవకుమారి ఏడులోకొచ్చిందండి."

"మీ ఆవిడ?"

"ఏమీ చెయ్యదండి. ఇంట్లోనే ఉంటాది."

ఆ సమయానికి వీరవేణి లోపల, మొగుడు కుట్టిన పదకొండు చొక్కాలకి కాజాలు తీస్తోంది. గుమాస్తా ఆమెని చూశాడు కూడా. మంచినీళ్ళు అడిగి, ఆమె చేతి గ్లాసు తీసుకుని తాగి, మూతి తుడుచుకుని, పళ్ళాలరావు చెప్పింది చెప్పినట్టు రాసుకుని వెళ్ళాడు. పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చేసింది.

దారాల గురించి వీధిలో మొదట రెండ్రోజులు వింతగా చెప్పుకున్నారు. మూడోరోజున పక్కింటి మంగతాయారు వాటిమీద బట్టలారేసింది. వీరవేణికీ మంగతాయారుకీ కుళాయి దగ్గర మొదలైన తగువు మూడేళ్ళుగా నడుస్తోంది. అంచేత వీరవేణి ఊరుకోలేదు. "నా నడుంలోంచొచ్చిన దారమ్మీద నీ లంగాలారేత్తావా?" అని దులిపేసింది. "గవర్నమెంటు దారవే! నీ అబ్బ సొత్తేం కాదు!" అంది మంగతాయారు. విభాగం తరఫున ఒక నోటీసు వచ్చింది. తడిబట్టల వల్ల సాక్ష్యం సాగిపోతుంది కాబట్టి, పిండిన బట్టలే ఆరేసుకోవాలని అందులో ఉంది.

వీరవేణికి దారాల బాధ లేదు. ఆమె బాధంతా గొయ్యే. వీధి మలుపులో, సరిగ్గా వాళ్ళింటికి ఎదురుగా ఉందది. నిలువెత్తు లోతు. పై ఏడాది జూన్‌లో లోవకుమారి హైస్కూలుకి మారుతుంది. హైస్కూలు బస్టాండవతల. సైకిలు మీద ఆ మలుపు తిరిగే వెళ్ళాలి. ఆ పిల్లకి సైకిలు తొక్కుతూ ఆకాశం కేసి చూసే అలవాటు. కన్నతల్లికి ఇంతకన్నా భయమేం కావాలి? రోజుకి పదిసార్లు ఆ గోతిలోకి తొంగి చూసి గుండె చిక్కబట్టుకునేది.

పోలికల అధికారి కొండేపూడి నరసింగరావు నెలనెలా వచ్చి, ఇత్తడి పరికరంతో దారాల మందం కొలుచుకునేవాడు. మర్యాదస్తుడు. ఎండలో వచ్చినా గొడుగు ముడిచి, గుమ్మం బయటే నిలబడేవాడు. జూలైలో వచ్చినప్పుడు వీరవేణి అడిగింది.

"అయ్యా, ఆఫీసు గోడకి ఇనప మూతొకటి ఆనించి ఉందంటగా. అదిక్కడెట్టించొచ్చు గదండీ?"

"పెట్టించొచ్చమ్మా. మూతకి దారం లేదు."

"దారమెందుకండీ దానికి? బరువుంటాది, దానంతటదే కూర్చుంటాది."

"మూత మంచిదని నీకెలా తెలుసు?"

"గొయ్యి మూసేత్తే ఎవరూ పడరు గదండీ."

నరసింగరావు ఆమెని జాలిగా చూశాడు. "అది నీ నమ్మకం తల్లీ, సాక్ష్యం కాదు. మొగలిపురంలో ఇంతవరకూ ఏ గోతిమీదా మూత వేసి చూడలేదు. వేసి చూడనిదాన్ని దేంతోనూ పోల్చలేం. పోల్చనిదాన్ని సిఫార్సు చేస్తే రేపు నన్నడుగుతారు."

"పోనీ, ఒక్క గోతిమీద ఏసి చూడండి."

"సిఫార్సు లేకుండా ఎలా వేస్తామమ్మా?"

ఆయన అబద్ధమాడలేదు. అంతకుముందు నెలలోనే నలుగురు కూలీలు ఎవరినీ అడక్కుండా ఆ మూతని ట్రాక్టరుకెత్తారు. దారం లేని వస్తువు కనుక దానికి ఏ వీధికీ దారి లేదు. ట్రాక్టరు ఎటు తిరిగినా మళ్ళీ ఆఫీసు గోడ దగ్గరికే వచ్చి ఆగింది. నాలుగుసార్లు తిప్పి, డీజిలు అయిపోయాక, డ్రైవరు మూతని ఉన్నచోటే దింపి ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు.

వెళ్ళబోతూ నరసింగరావు ఆగాడు. మనసున్న మనిషే. "ఒక్క దారుంది. మార్చి నెలాఖరుకి ఫలితాలు తీస్తాం. ఉన్న ఉపాయాలేవీ చాలవని తేలితే, కొత్త ఉపాయం చేర్చమని నిబంధనుంది. అలా తేలాలంటే ఏమీ చేయని వీధిలో ఏడాదికి నలభైమందైనా పడాలి. నలభైమంది పడితే మూతకి నేను దారం కట్టిస్తాను. మాటిస్తున్నా."

"నలభైమందా!" అంది వీరవేణి. చిన్న లెక్కేం కాదు మరి.

ఇదిలా ఉండగా ఆమె పెరుగుతోంది. ఏ ఉపాయం కింద ఎంతమంది లెక్కకొస్తే ఆ ఉపాయం అంత పెద్దదవాలని పట్టికలో ఉంది. సున్నంబట్టీ వీధి బస్టాండుకి అడ్డదారి. రోజూ వేలమంది నడుస్తారు. శ్రావణమాసం నాటికి వీరవేణి గుమ్మంలో పట్టలేదు. దసరా నాటికి చూరు తగిలింది. పళ్ళాలరావు రెండు తానులు కలిపి రవిక కుట్టాడు. కాజాలు మాత్రం ఆవిడే తీసుకుంది. ఇంట్లో ఇమడదు గనక గోతి పక్కనే చాప వేసుకుంది, పొయ్యీ అక్కడికే తెచ్చుకుంది. వంట చెయ్యొచ్చా అని విభాగాన్ని అడిగితే, వంట, అంట్లు, బట్టలు, పిల్లల పెంపకం, కాజాలు ఏమీ చేయకపోవడంలోకే వస్తాయి, కొనసాగించుకోవచ్చు అని లిఖితపూర్వకంగా జవాబిచ్చారు.

గోతి పక్కన కూర్చున్న ఆడది నోరు మూసుకుని ఎలా కూర్చుంటుంది? ఎవరొచ్చినా, "బాబూ, గొయ్యి! ఎడం పక్కకి రండి!" అనేది. "ఓ సైకిలాయనా, ఆ కబుర్లు తర్వాత, గొయ్యి చూసుకో!" అనేది. పాలవాణ్ణి, పెళ్ళివాళ్ళని, పీర్ల ఊరేగింపుని, ఓట్లడగడానికొచ్చిన వాళ్ళని కూడా అందరినీ ఒకే గొంతుతో ఎడం పక్కకి తోలింది. ఒంటితోపాటు గొంతూ పెరిగింది కనుక బస్టాండులో దిగుతున్నవాళ్ళకే వినిపించేది. ఇదంతా ఆమె అనుకుని చేసిన పని కాదు. చంటిపిల్ల పొయ్యి దగ్గరికెళ్తే నోటికి 'హా' అని రాదూ? అలా వచ్చేది.

ఫలితం ఏమిటంటే, పుష్యమాసం వెళ్ళేసరికి సున్నంబట్టీ వీధి గోతిలో పడినవాళ్ళు ఏడుగురు. అందులో ఇద్దరు వీరవేణి ఎసట్లో బియ్యం పోస్తున్నప్పుడు పడ్డారు. ఒకాయన చెవిటివాడు. రథంవీధిలో కొబ్బరిమట్ట గుచ్చినా యాభైముగ్గురు పడ్డారు. టీచర్స్ కాలనీలో ప్రతిజ్ఞ కోసం వరసలో నిలబడుతూ తొంభైమంది పడ్డారు.

ఏడుగురు! ఇంకా ముప్ఫైముగ్గురు కావాలి, ఉన్నది రెండు నెలలు. వీరవేణికి అప్పుడు తట్టింది తను చేస్తున్న నిర్వాకమేమిటో. ఊరివాళ్ళని ఎడం పక్కకి తోలి తోలి కూతురి మూతని తనే ఆపుకుంటోంది. ఆ రాత్రి ఏడ్చింది. పొద్దున్నే, ఇక అరవనని ఒట్టేసుకుంది. నలభైమందీ చచ్చిపోరు కదా, కాలో చెయ్యో బెణుకుతుంది, కట్టుకడతారు, అంతేగా అనుకుంది. ఒట్టు మీద నమ్మకం చాలక నోటినిండా నీళ్ళు పోసుకుని కూర్చుంది.

మొదట వచ్చింది మంగతాయారు. నెత్తిన బట్టలమూట, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఆడపడుచుతో తగువాడుకుంటూ తిన్నగా గోతి మీదికే వస్తోంది. పడితే పడనీ, దీనికి పడాల్సిందే, ఒకటి లెక్కకొస్తుందనుకుంది వీరవేణి. కళ్ళు మూసుకుంది. నాలుగడుగులు. మూడు. రెండు.

"ఒసేయ్ సచ్చినదానా, గొయ్యే!"

నోట్లో నీళ్ళు ఇంతెత్తున వెళ్ళి మంగతాయారు మీద పడ్డాయి. మంగతాయారు నిలువునా తడిసి, గోతి అంచున ఆగి, ముందు లోపలికి చూసింది, తర్వాత వీరవేణి కేసి చూసింది. "ఉమ్మేత్తావా నామీద?" అని అరగంట తిట్టింది. వీరవేణి ఎదురు తిట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మూడురోజులు ప్రయత్నించింది. తాంబూలం కుక్కుకుంది, గుడ్డ కట్టుకుంది. గుడ్డ కట్టుకున్నరోజున చేతులూపింది. ఒక్కడంటే ఒక్కడు పడలేదు.

ఫిబ్రవరిలో నరసింగరావు గాభరాగా వచ్చాడు. దారాల్లో పొంతన కుదరడం లేదట. విజిలునీ కొబ్బరిమట్టనీ ఎదురెదురుగా పోలిస్తే మట్ట గెలిచింది. వీరవేణి మీదుగా పోలిస్తే విజిలు గెలుస్తోంది. ఎక్కడో ముడి తప్పింది.

"ఏమ్మా, నువ్వేమైనా చేస్తున్నావా?"

వీరవేణి ప్రాణం లేచొచ్చింది. ఇదే అదను. "చేత్తున్నానండి! పొద్దున లేచిన కాణ్ణించి సీకటడేదాకా అరుత్తున్నాను. గొయ్యి, గొయ్యి అని. నేనరవకపోతే నలభై కాదు, నాలుగొందలమంది పడేవోరు. రాసుకోండి బాబూ, రాసుకోండి. అందరూ సూసేరు, అడగండి."

నరసింగరావు పట్టిక తిరగేశాడు, మళ్ళీ మొదటినుంచి చూశాడు. "అరవడం అనే ఉపాయం జాబితాలో లేదమ్మా. ఆ పని మీద జీతానికున్న మనిషీ లేడు."

"నేనున్నాను గదండీ!"

"నువ్వెవరు?"

వీరవేణి కాస్త తడబడింది. "ఏమీ చేయకపోవడాన్నండి."

"మరి ఏమీ చేయకపోవడం ఏదో చేస్తోందని నేనెలా రాయను? నా ఉద్యోగం పోతుంది." ఆయన పళ్ళాలరావు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీ ఆవిడ అరుస్తోందా?"

పళ్ళాలరావు మిషను ఆపకుండానే అన్నాడు. "అదాని అలవాటండి. పనేం కాదు."

నరసింగరావు ఊపిరి పీల్చుకున్నాడు. పొంతన లేనిచోట 'స్థానిక అలవాటు' అని రాసి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

మార్చి ముప్ఫైన ఫలితాలొచ్చాయి. నివారణోపాయాల్లో ప్రథమ స్థానం ఏమీ చేయకపోవడానిది. ద్వితీయం విజిలు. కరపత్రం ఆరు, ప్రతిజ్ఞ ఏడు. మునిసిపల్ మైదానంలో సభ పెట్టారు. వీరవేణిని లారీ మీద తీసుకొచ్చి, తాడిచెట్టంత దండ వేశారు. మంత్రిగారు ఒక గంట మాట్లాడారు. ఇన్నాళ్ళూ ప్రభుత్వం ఏమీ చేయడం లేదని విమర్శించినవాళ్ళకి శాస్త్రమే సమాధానం చెప్పిందన్నారు. చప్పట్లు మోగాయి. వేదిక ఒక పక్కకి ఊగుతుంటే, ఆఫీసు గోడ దగ్గరి ఇనప మూత తెచ్చి వేదిక కాలి కింద పెట్టారు. సభాస్థలికి దానికి దారం అక్కర్లేకపోయింది.

ఏప్రిల్‌లో ఉత్తర్వులు వరసగా వచ్చాయి. అన్ని మునిసిపాలిటీల్లోనూ ఏమీ చేయకపోవడం అమలు చేయాలి. మట్టలు, విజిళ్ళు, ఎర్రగుడ్డలు వెనక్కి తీసుకోవాలి. మూతలున్న గోతులపై ఏమీ చేయకపోవడం సరిగా అమలు కాదు కనుక మూతలు తొలగించాలి. ప్రతి గోతి పక్కనా, ఏమీ చేయదని భర్త ధ్రువీకరించిన ఒక గృహిణిని నియమించాలి. జీతం ఉండదు, చేసేదేమీ లేదు గనక. వీళ్ళకి తర్ఫీదు ఇవ్వడానికి చిట్టూరి వీరవేణిని రాజధానిలోని శిక్షణ కేంద్రానికి బదిలీ చేయడమైనది.

"మరి మా గొయ్యో?" అని అడిగింది వీరవేణి లారీ ఎక్కుతూ.

"అక్కడ ఇప్పటికే అమల్లో ఉందిగా," అన్నాడు నరసింగరావు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆయనకి ప్రమోషనొచ్చింది.

లారీ మలుపు తిరుగుతుంటే లోవకుమారి సైకిలు పట్టుకుని నిలబడింది. వీరవేణి పైనుంచి అరిచింది. "ఆకాశం కేసి సూడకే! ఎడం పక్క! ఎడం పక్కనుంచెల్లు!" ఆ మాట బస్టాండు దాకా వినబడింది.

జూన్ పన్నెండున బడి తెరిచారు. లోవకుమారి కొత్త యూనిఫాం వేసుకుని, రెండు జడలకీ రిబ్బన్లు కట్టుకుని సైకిలెక్కింది. అమ్మ మాట గుర్తుంది. ఆకాశం కేసి చూడలేదు. ఎడం పక్కనుంచే మలుపు తిరిగింది. తిరిగి, గొయ్యి దాటి, ఎందుకో వెనక్కి చూసింది. మందులషాపు ముసలాయన పేపరు చదువుకుంటూ నడిచొస్తున్నాడు.

"తాతా, గొయ్యి!"

ముసలాయన ఆగాడు. ఆయన వెనక బుట్టల ఆవిడ. ఆవిడ వెనక ఇద్దరు చిన్నపిల్లలు. తర్వాత మంగతాయారు, ఫోనూ బట్టలమూటా. వీళ్ళని దాటించేసి వెళ్ళిపోదామనుకుంది. వీళ్ళ వెనక బస్సు దిగిన జనం. మొదటి గంట కొట్టడం వినిపించింది. రెండోది కూడా. సైకిలు గోడకి ఆనించింది.

పదింపావుకి కొత్త గుమాస్తా ఒకడు ఏటా చేసే నమోదు కోసం వచ్చాడు. పళ్ళాలరావు అరుగు మీదే ఉన్నాడు. కాజాలు తీసేవాళ్ళు లేక పని వెనకబడి, మహా చిరాగ్గా ఉన్నాడు.

"ఆ మలుపులో ఉన్నది మీ అమ్మాయేనాండీ? ఏం చేస్తోంది?"

పళ్ళాలరావు తలెత్తి చూశాడు. "ఏమీ చెయ్యట్లేదండి. ఊరికే నుంచుంది."

గుమాస్తా రాసుకున్నాడు. ఆ వీధికి ఉత్తర్వు అప్పటికే ఉంది గనక ఈసారి సంతకంతో పని లేకపోయింది.

శిక్షణ కేంద్రంలో అరవైమంది ఆడవాళ్ళ ఎదుట వీరవేణి పాఠం చెబుతోంది. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు కూడా వీధి మీద ఒక కన్నెలా ఉంచాలో చూపిస్తోంది. ఉన్నట్టుండి ఆమె నడుం దగ్గర ఏడో దారం గుంజింది. సన్నది, కొత్తది. ఎటునుంచొచ్చిందో తల్లికి ఒకరు చెప్పాలా? గరిటె చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఆమె ఫోనడిగి తీసుకుంది.

"లోవా."

"అమ్మా, నేను బడికి ఎల్దామనే..."

"తెలుసమ్మా." వీరవేణి గరిటె కింద పెట్టింది. "చెంబుతో నీళ్ళెట్టుకో, గొంతారిపోద్ది. మజ్జానం నీడ మంగతాయారోళ్ళ గోడవైపుకొత్తాది, అటు జరుగు. చెవిటాయన మూడింటికొత్తాడు, ఆయనకరిస్తే లాభం లేదు, ఎదురెల్లి చెయ్యట్టుకో."

"అలాగేనమ్మా. పుస్తకాలు తెచ్చుకోనా ఇక్కడికి?"

వీరవేణి ఆ కొత్త దారాన్ని వేలికి చుట్టుకుంది, విప్పింది. "తెచ్చుకో," అంది చివరికి. "మజ్జలో ఎవరూ రానప్పుడు చదువుకుందువుగాని."

"సరే, ఉండమ్మా, ఎవరో వత్తన్నారు," అంది లోవకుమారి.